ఆలూరు నల్లరేగడిలో మల్చింగ్ ఫిల్ము: ఎక్స్‌ట్రూడరు నుంచి నేల దాకా

కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆలూరు, హాలహర్వి, హొళగుంద, ఆస్పరి మండలాలలో బోరు నీరో, తుంగభద్ర దిగువ కాలువ నీరో అందే పొలాలలో టమాట, మిరప, పుచ్చ వంటి పంటలకు బిందుసేద్యంతో పాటు వెండి, నలుపు రంగుల మల్చింగ్ షీటు పరచడం కొన్నేళ్లుగా వాడుకలోకి వచ్చింది. పంట ఉన్నంతకాలం ఆ షీటు చేసే మేలును రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. పంట తీసిన తరువాత దాని సంగతి మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు. లాగితే వచ్చినంత లాగి గట్టున పోగువేస్తారు. రానిది దుక్కిలో కలిసిపోతుంది. మరుసటి ఖరీఫ్‌లో గుంటక పాసకు చుట్టుకొనేదీ, గొర్రు పళ్ల మధ్య ఇరుక్కొని విత్తనం సరిగా పడనీయనిదీ ఆ ముక్కలే. గాలికి లేచినవి తుమ్మకంచెలకు పట్టుకొని వేలాడతాయి. మోళ్లలో మేసే గొర్రెలు, మేకలు వాటిని ఆకులతో పాటు మింగుతాయి.

ఈ నేపథ్యంలో క్షేత్ర సందర్శనలలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “మట్టిలో కలిసిపోయే షీటు వచ్చిందంట గదా సార్, అది పరిస్తే పీకే పనే ఉండదంట, నిజమేనా?” దీనికి ఒక్కమాటలో ఔననో కాదనో చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. జీవవిచ్ఛిన్నత అనేది ఫిల్ముకు మాత్రమే చెందిన గుణం కాదు. ఫిల్ము, నేల రెండూ కలిసినప్పుడు కలిగే ఫలితం. అందులో సగం కర్మాగారంలోని ఎక్స్‌ట్రూడరులో నిర్ణయమవుతుంది, తక్కిన సగం ఆలూరు నల్లరేగడిలో నిర్ణయమవుతుంది. ఆ మొదటి సగాన్ని మన వ్యవసాయ పాఠ్యక్రమంలో దాదాపుగా బోధించం. ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం అదే.

నీటి లెక్క

ఆలూరు పరిసరాల సగటు వార్షిక వర్షపాతం 600 మిల్లీమీటర్లకు లోపే. వాతావరణం ఆవిరిగా లాగుకొనగల నీరు దానికి మూడు రెట్ల దాకా ఉంటుంది. కనుక ఈ ప్రాంతపు సేద్య విజ్ఞానమంతా నేలలోని తేమను ఆవిరి కాకుండా ఆపడం చుట్టూ పెరిగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. అదే జిల్లాలోని హగరిలో 1930లలో ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలి మెట్టసేద్య పరిశోధన కేంద్రాన్ని నడిపింది. షోలాపూర్, బిజాపూర్, రాయచూరు, రోహతక్ కేంద్రాలు దాని తోటివి. గట్లు వేయడం, వాలుకు అడ్డంగా దున్నడం, పంట మధ్య గుంటక తోలి పైమట్టిని పొడి పొరగా ఉంచడం అనే పద్ధతులు అలాంటి కేంద్రాలలో పరీక్షకు నిలిచాయి. ఆ పొడిమట్టి పొరే మన రైతు తరతరాలుగా ఎరిగిన మల్చింగ్. దానికి ఖర్చు తక్కువ, వ్యర్థం శూన్యం. అయితే ప్రతి వానకూ మళ్లీ గుంటక తోలవలసిందే.

ప్లాస్టిక్ ఫిల్ము ఆ పనిని పంటకాలమంతా ఒక్క పరుపుతో చేస్తుంది. నేల నుంచి నేరుగా ఆవిరయ్యే నీరు దాదాపుగా ఆగిపోతుంది, కలుపు మొలవదు, బిందు గొట్టం కింది తేమ వేరు చుట్టూ సమంగా నిలుస్తుంది. పై వెండి పొర వెలుతురును తిరుగగొట్టి తామరపురుగు, తెల్లదోమల రాకను కొంత తగ్గిస్తుంది, నేలను మరీ వేడెక్కనీయదు. ఉద్యాన సమగ్రాభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాలలో హెక్టారుకు 32,000 రూపాయల ఖర్చుగా లెక్కకట్టి, అందులో సగం, రైతుకు 2 హెక్టార్ల వరకు సాయంగా నిర్ణయించారు. లెక్కకట్టినది పరచడానికి. తీసివేయడానికయ్యే కూలిని కూడా సాగు ఖర్చులో భాగంగా చూడవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

ఫిల్ము పుట్టుక

పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండులోని ఐసీఐ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు అనుకోకుండా కనుగొన్నారు. దానిని సేద్యంలోకి తెచ్చినవారిలో అమెరికా కెంటకీ విశ్వవిద్యాలయపు ఎమెరీ ఎమర్ట్ ప్రముఖుడు. ఈ చరిత్ర విద్యార్థులకు పరీక్షలో పనికివస్తుంది. పొలంలో ఫిల్ము ఎందుకు నిలువుగా చిరుగుతుందో, ఎందుకు ముక్కలవుతుందో తెలియాలంటే మాత్రం యంత్రం దగ్గరకు పోవాలి.

ఎక్స్‌ట్రూడరు అంటే పొడవాటి ఉక్కు గొట్టంలో తిరిగే స్క్రూ. తరగతిలో దీనిని మురుకుల గొట్టంతో పోల్చడం నాకు అలవాటు. పిండిని ఒత్తి బిళ్ల రంధ్రాలగుండా ఆకారం తీయడం వరకు పోలిక సరిపోతుంది. మురుకుల గొట్టం పిండిని ఉడికించదు, ఎక్స్‌ట్రూడరు ఉడికిస్తుంది. స్క్రూ పొడవు సాధారణంగా దాని వ్యాసానికి 24 నుంచి 30 రెట్లు. పైనున్న తొట్టి నుంచి పడిన పాలిథిన్ గుళికలు మొదటి భాగంలో ముందుకు నెట్టబడతాయి. రెండవ భాగంలో స్క్రూ కాండం లావవుతూ గాడి లోతు తగ్గుతుంది. అక్కడ గుళికలు నలిగి, ఒకదానితో ఒకటి రాపిడి చెంది కరుగుతాయి. బయట విద్యుత్ హీటర్లు ఉన్నా, నిలకడగా నడిచే యంత్రంలో కరిగించే వేడిలో పెద్ద పాలు ఈ రాపిడిదే. మూడవ భాగం కరిగిన ముద్దను ఒకే ఒత్తిడితో బయటకు పంపుతుంది. పాలిథిన్‌కు గొట్టంలో 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. చివర సన్నని తీగ జల్లెడలు మలినాలను ఆపుతాయి. ఈ జల్లెడల ప్రస్తావన మళ్లీ వస్తుంది.

జల్లెడ దాటిన ముద్ద వలయాకారపు డైలోని సన్నని సందు గుండా గొట్టం ఆకారంలో పైకి వస్తుంది. దాని లోపలికి గాలి నింపితే బుడగలా ఉబ్బుతుంది. బయటి నుంచి గాలి వలయం దానిని చల్లారుస్తుంది. ఒక ఎత్తులో కరిగిన పదార్థం గట్టిపడి, పారదర్శకత తగ్గి, బుడగ చుట్టూ ఒక గీత కనిపిస్తుంది. పరిశ్రమలో దానిని మంచుగీత అనే అర్థంలో ఫ్రాస్ట్ లైన్ అంటారు. ఆ గీత దాటాక ఫిల్ము ఇక సాగదు. పైన రోలర్లు బుడగను అణచి రెండు పొరల పట్టీగా లాగుతాయి. అంచులు కోసి చుట్ట చుడతారు.

ఈ ప్రక్రియలో లెక్క చాలా సులువు, ఫలితం చాలా గంభీరం. డై సందు 1.5 మిల్లీమీటర్లు, కావలసిన మందం 25 మైక్రాన్లు అనుకొందాం. అంటే ముద్ద 60 రెట్లు పలచబడాలి. బుడగ వ్యాసం డై వ్యాసానికి 2.5 రెట్లు ఉంటే అడ్డంగా సాగినది 2.5 రెట్లు, నిలువుగా సాగినది 24 రెట్లు. అణుగొలుసులు అధికభాగం యంత్రం లాగిన దిశలో పేరుకుంటాయి. మందాన్ని 15 మైక్రాన్లకు తగ్గిస్తే మొత్తం 100 రెట్లు, నిలువుగా 40 రెట్లు సాగాలి. నిలువు, అడ్డం బలాల మధ్య తేడా అంతకంతకు పెరుగుతుంది. మొక్క కోసం చేసిన రంధ్రం దగ్గర మొదలైన చిరుగు బోదె పొడవునా పరుగెత్తడానికి ఇదొక ముఖ్య కారణం. 1.2 మీటర్ల వెడల్పు షీట్లు రెండు ఒకే బుడగ నుంచి రావాలంటే బుడగ చుట్టుకొలత 2.4 మీటర్లు, వ్యాసం సుమారు 76 సెంటీమీటర్లు, డై వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్ద బుడగ గాలికి ఊగితే మందం చోటుచోటుకూ మారుతుంది. రైతుకు “25 మైక్రాన్లు” అని అమ్మిన చుట్టలో పలచని చాళ్లు ఉండటానికి చాలాసార్లు ఇదే మూలం.

విస్తరణ సిబ్బందికి ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉపయోగపడుతుంది. పాలిథిన్ సాంద్రత ఘనసెంటీమీటరుకు 0.92 గ్రాములు. 25 మైక్రాన్ల ఫిల్ము చదరపు మీటరు బరువు 23 గ్రాములు రావాలి. 18 గ్రాములే వస్తే ఫిల్ము 20 మైక్రాన్లకు లోపే ఉన్నదని అర్థం. బరువు సరిపోయినంత మాత్రాన మందం సరిపోయిందని కూడా అనుకోరాదు. సున్నపురాతి పొడి కలిపిన ఫిల్ము పలచగా ఉండీ బరువు తూగుతుంది. కనుక తూకంతో పాటు మైక్రోమీటరు కూడా వెంట ఉండాలి.

వెండి, నలుపు షీటు కోసం రెండు మూడు ఎక్స్‌ట్రూడర్లు ఒకే డైలోకి వేర్వేరు ముద్దలను పంపుతాయి. పొరలు డైలోనే అతుక్కొంటాయి. నల్ల పొరలోని కార్బన్ నలుపు సూర్యుని అతినీలలోహిత కిరణాలను మింగి పాలిమర్‌ను కాపాడుతుంది. అదే పాళ్లలో తగ్గితే మిరప చివరి కోతలకు ముందే ఫిల్ము పెళుసెక్కి చేతికి పొడిగా వస్తుంది.

ఒక ఎకరా 4,000 చదరపు మీటర్లలో 60 శాతాన్ని షీటు కప్పితే 2,400 చదరపు మీటర్లు. 25 మైక్రాన్లయితే 55 కిలోల పాలిథిన్. అందులో పదోవంతు నేలలో మిగిలిందనుకొన్నా సాలుకు 5 కిలోల పైచిలుకు. పది సాళ్లకు ఎంతో రైతే లెక్కవేసుకోగలడు. పాలిథిన్ పరచిన పంటల విస్తీర్ణంలో ప్రపంచంలో అగ్రస్థానం చైనాది. 1970ల చివర జపాను నుంచి ఈ పద్ధతిని తెచ్చుకొని, 8 మైక్రాన్లు, అంతకన్నా పలచని ఫిల్ములను లక్షల హెక్టార్లలో పరచిన ఆ దేశం, షిన్‌జియాంగ్ పత్తి పొలాలలో పేరుకొన్న ముక్కలను “తెల్ల కాలుష్యం” అని పిలవవలసి వచ్చింది. 2017లో సవరించిన జాతీయ ప్రమాణంలో కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచింది. ఫిల్మును మందంగా చేయమనడం పైకి ప్లాస్టిక్ వాడకం పెంచినట్లే తోస్తుంది. వాస్తవంలో మందంగా ఉన్నదే చిరగకుండా తిరిగి చేతికి వస్తుంది.

మట్టిలో కలిసే ఫిల్ము

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మొక్కల నుంచి తయారైనది, నేలలో కలిసిపోయేది అనేవి రెండు వేర్వేరు మాటలు. బ్రెజిల్‌లో చెరకు ఆల్కహాలు నుంచి తయారయ్యే పాలిథిన్ పాలిథినే. నేలలో అదీ చెదరదు. జీవవిచ్ఛిన్న మల్చింగ్ ఫిల్ములో అధికభాగంగా ఉండే పీబీఏటీ ఎక్కువగా పెట్రోలియం నుంచి వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దానిని తినగలవు. 2018లో జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం, వియన్నా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు గుర్తుపెట్టిన కార్బన్‌తో పీబీఏటీని తయారుచేసి నేలలో కప్పి, ఆ కార్బన్ కొంత బొగ్గుపులుసు వాయువుగా, కొంత బూజుల శరీరంలో భాగంగా మారినట్లు చూపారు. ఇక ఆక్సో డీగ్రేడబుల్ అనే పేరుతో అమ్మే ఫిల్ము పాలిథిన్‌లో లోహ లవణాలు కలిపినది. అది త్వరగా ముక్కలవుతుంది తప్ప జీవవిచ్ఛిన్నమైనట్లు కాదు. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంతో వాటిని నిషేధించింది. అటువంటి షీటును ఆలూరు రైతుకు సిఫారసు చేయడం సమస్యను కంటికి కనబడకుండా చేయడమే.

పీబీఏటీలో మెత్తదనం ఉంది, బిగువు తక్కువ. మొక్కజొన్న, చెరకుల నుంచి వచ్చే పీఎల్‌ఏలో బిగువు ఉంది, సాగే గుణం తక్కువ. పిండిపదార్థం చౌక, నేలలో తొందరగా కరిగిపోతుంది, నీటిని పీల్చుకొంటుంది. ఈ మూడింటిని వివిధ పాళ్లలో కలిపి ఫిల్ము తీస్తారు. వాటిని కలపడం అంత సుళువు కాదు. పిండిరేణువులను గ్లిసరాలు, నీరు చేర్చి జంట స్క్రూల ఎక్స్‌ట్రూడరులో నలిపి, వేడిచేసి, ముందుగా ప్లాస్టిక్‌లా పారే ముద్దగా మార్చాలి. వేడి 200 డిగ్రీలు దాటితే మాడి రంగు మారుతుంది. పిండి నీటిని కోరేది, పాలిఎస్టర్ నీటిని తోసేది. నూనె, నీళ్లలా విడిపోకుండా రెంటినీ జతపరచే రసాయనం చేర్చకపోతే ఫిల్ములో పిండిరేణువు ఉన్న ప్రతిచోటా ఒక బలహీన బిందువు ఏర్పడుతుంది. పలచని ఫిల్ములో ఆ బిందువే రంధ్రమవుతుంది.

తయారీలో అన్నింటికంటే పెద్ద శత్రువు తేమ. పీఎల్‌ఏ, పీబీఏటీ గొలుసుల కణుపులు ఎస్టర్ బంధాలు. కరిగిన స్థితిలో లేశమాత్రపు నీరున్నా అవి తెగుతాయి. అందుకని పీఎల్‌ఏ గుళికలను ఎక్స్‌ట్రూడరులో వేసేముందు తేమ 0.025 శాతానికి మించకుండా ఆరబెడతారు. వానాకాలంలో తెరచి ఉంచిన సంచిలోని గుళికలతో ఫిల్ము తీస్తే గొలుసులు పొట్టివై, బుడగ నిలవక వాలిపోతుంది; నిలిచినా ఆ ఫిల్ము పొలంలో గడువుకన్నా ముందే చిరుగుతుంది. పొలంలో కనిపించిన చిరుగుకు మూలం కొన్నిసార్లు గోదాములో ఉంటుంది.

మరొక అంశం మన పరీక్షలలో తరచుగా జారిపోతుంది. నల్లరంగు కోసం కార్బన్ నలుపును నేరుగా కలపరు. ముందుగా ఏదో ఒక పాలిమర్‌లో గాఢంగా కలిపిన గుళికలను చేరుస్తారు. ఆ వాహక పాలిమర్ పాలిథిన్ అయితే, మిగిలిన ఫిల్ము ఎంత శుద్ధంగా కరిగిపోయినా ఆ కొంచెం పాలిథిన్ నేలలో మిగిలిపోతుంది. కొనుగోలు సమయంలో తయారీదారును అడగవలసిన ప్రశ్న “ఇది మట్టిలో కలుస్తుందా” అనేది కాదు. “నలుపు గుళికల వాహకం ఏది, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారు” అని అడగాలి.

ధర విషయంలో ఒక మాట. కిలో ధరలో ఈ ఫిల్ము పాలిథిన్‌కు రెండు మూడు రెట్లు పలుకుతుంది. పీబీఏటీ సాంద్రత సుమారు 1.25, కనుక అదే మందానికి బరువు కూడా ఎక్కువ. కాని దీనిని తిరిగి తీయనక్కరలేదు గనుక 15 మైక్రాన్లకు పలచబరచవచ్చు. ఎకరాకు 2,400 చదరపు మీటర్లకు 45 కిలోలు. 55 కిలోల పాలిథిన్‌తోనూ, దానిని ఏరే కూలితోనూ పోల్చి చూడాలి తప్ప కిలోకు కిలో పోల్చడం సరికాదు. అలా లెక్కవేసినా ఇప్పటి ధరల్లో పాలిథినే చౌక అవుతుంది. దీనిని దాచి రైతుకు చెప్పరాదు.

తిరుమల సంచి, ఆలూరు షీటు

రాయలసీమ ప్రజలకు బాగా తెలిసిన జీవవిచ్ఛిన్న ఫిల్ము తిరుమల లడ్డూ సంచి. రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థ హైదరాబాదు ప్రయోగశాల సాయంతో రూపొందిన, మొక్కజొన్న పిండి చేర్చిన ఆ సంచులను తిరుమల తిరుపతి దేవస్థానం 2021 ఆగస్టులో ప్రవేశపెట్టింది. అది నిజంగా మెచ్చుకోదగిన పని. అయితే సంచి నుంచి షీటుకు తర్కాన్ని సాగదీయడం ప్రమాదం. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు మన దేశం అనుసరించే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం కర్మాగార కంపోస్టును దృష్టిలో పెట్టుకొన్నది. అక్కడ కుప్ప 58 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, తేమ ఎప్పుడూ ఉంటుంది. పీఎల్‌ఏ మెత్తబడేది సుమారు 60 డిగ్రీల దగ్గర. కంపోస్టు కుప్పలో వారాలలో పోయే పీఎల్‌ఏ, పొలం మట్టిలో ఏళ్లతరబడి ఉండవచ్చు. మల్చింగ్ ఫిల్ముకు వేరే ప్రమాణం కావాలి. ఐరోపాలో 2018లో వచ్చిన ఈఎన్ 17033 అటువంటిది. 20 నుంచి 28 డిగ్రీల మధ్య, తగినంత తేమగల సహజ మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా మారాలని అది కోరుతుంది.

“తగినంత తేమగల” అన్న షరతు దగ్గర ఆలూరు ఆ ప్రమాణంతో విడిపోతుంది. ఎక్స్‌ట్రూడరులో ఏ నీటిని శత్రువుగా భావించి ఆరబెట్టామో, నేలలో అదే ఎస్టర్ బంధాన్ని తెంచడానికి ఆ నీరే కావాలి. ఎంజైములు విడిచే సూక్ష్మజీవులకూ నీరే కావాలి. ఇక్కడి పైనేలలో ఆ తేమ వానాధారంలో జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా, అదీ మధ్యమధ్య బెట్టలతో ఉంటుంది. ఆ నెలల్లో నేల వెచ్చదనం ఐరోపా నేలలకన్నా ఎక్కువ గనుక విచ్ఛిన్నం అక్కడికన్నా వేగంగా సాగవచ్చు. నవంబరు తరువాత పైమట్టి ఎండిపోతే ఆ పని దాదాపుగా నిలిచిపోతుంది. వేసవి నేల ఎంత కాగినా తేమ లేని వేడి సూక్ష్మజీవికి ఉపకరించదు. “ఆరు నెలల్లో కలిసిపోతుంది” అని కరపత్రంలో ఉంటే, ఆ ఆరు నెలలు తడి నెలలా, క్యాలెండరు నెలలా అని అడగడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

నల్లరేగడికి మరో ప్రత్యేకత ఉంది. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొనే బంకమట్టి ఖనిజం వల్ల వేసవిలో అరచేయి పట్టేటన్ని బీటలు పడతాయి. లోతు అర మీటరు దాటి, కొన్ని చోట్ల మీటరు దాకా పోతుంది. పైన పడి ఉన్న ఫిల్ము ముక్కలు గాలికి, దుక్కికి ఆ బీటల్లోకి జారతాయి. తొలకరితో బీటలు మూసుకొంటాయి. నాగలికీ, ఏరే చేతికీ అందని ఆ లోతులో సూక్ష్మజీవుల సంఖ్య పైనేలకన్నా బాగా తక్కువ. నేల ఉబ్బినప్పుడు గాలి కూడా తక్కువే. పాలిథిన్ ముక్క అక్కడ చేరితే శాశ్వతం. జీవవిచ్ఛిన్న ఫిల్ము ముక్క అక్కడ చేరితే పైనేలలో పోయినంత త్వరగా పోతుందని చెప్పలేం. ఎర్రనేలల్లో ఈ సమస్య ఈ మేరకు ఉండదు. అందువల్ల ఇతర ప్రాంతాల ఎర్రనేలల ఫలితాలను ఆలూరుకు యథాతథంగా అన్వయించడం తగదు.

ఎండ సంగతి కూడా చూడాలి. పీబీఏటీలోని సుగంధ వలయాలు అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని, కొన్ని గొలుసులు తెగడంతో పాటు మరికొన్ని ఒకదానితో ఒకటి అడ్డంగా ముడిపడతాయి. అలా ముడిపడిన భాగాన్ని సూక్ష్మజీవులు త్వరగా తినలేవని మిషిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఒకే షీటులో మట్టి కింద కప్పిన అంచు మెత్తబడి పోవడం, ఎండకు పరచుకొన్న నడిమి భాగం పెళుసు ముక్కలుగా మిగలడం ఇందువల్ల సంభవం. కార్బన్ నలుపు సమంగా కలిసిన ఫిల్ములో ఈ నష్టం తక్కువ. మన ఎండలకు తెలుపు, పారదర్శక రకాలను నేను సూచించను.

ఇప్పుడు ఏం చేయవచ్చు

పంటను బట్టి నిర్ణయం మారాలి. 75 నుంచి 90 రోజుల పుచ్చ, నాలుగైదు నెలల టమాట పంటల అవసరం జీవవిచ్ఛిన్న ఫిల్ము ఆయుష్షుకు దగ్గరగా ఉంటుంది. బిందుసేద్యపు తేమ దాని విచ్ఛిన్నానికీ తోడ్పడుతుంది. ప్రయోగాత్మకంగా వేయించవలసింది వీటిలోనే. మిరప పొలంలో ఆరు నుంచి ఎనిమిది నెలలు నిలుస్తుంది. మధ్యలో ఫిల్ము చిరిగి కలుపు లేస్తే రైతు నష్టపోతాడు కనుక మిరపకు ప్రస్తుతానికి పాలిథినే మేలు. వేరుశనగకు 7 మైక్రాన్ల పాలిథిన్ వేసే పద్ధతి ఉంది. ఊడలు గుచ్చుకొని దిగాలి గనుక అంత పలుచన అవసరం. అంత పలచని పాలిథిన్‌ను తిరిగి ఏరడం ఎవరి తరమూ కాదు. నల్లరేగడిలో దానిని వేయించకపోవడమే మంచిది. ధర దిగివస్తే జీవవిచ్ఛిన్న ఫిల్ముకు నిజమైన చోటు వేరుశనగే కావచ్చు. వానాధార పత్తి, కంది, ఆముదాలకు ఏ ఫిల్మూ గిట్టుబాటు కాదు. అక్కడ గుంటకను మించినది లేదు.

పాలిథిన్ వేసిన చోట మందం 25 మైక్రాన్లకు తగ్గరాదు. తీసే సమయాన్ని కూడా ఎంచుకోవాలి. నల్లరేగడి తడిగా ఉంటే బంకలా పట్టుకొంటుంది, ఎండితే రాయిలా పట్టుకొంటుంది. చివరి కోత కాగానే మొక్కలను మొదలంటా కోసి, బిందు గొట్టాలను చుట్టి, నేల పదును మీద ఉన్నప్పుడే అంచుల మట్టిని సన్న నాగలితో సడలించి షీటు లేపాలి. బీటలు మొదలయ్యాక లాగిన షీటులో సగం బీటల పాలే. తీసిన షీటుకు తరచుగా దాని బరువును మించిన మట్టి అంటుకొని ఉంటుంది. పునర్వినియోగ కర్మాగారంవారు దానిని ఎందుకు వద్దంటారో పైన చెప్పిన జల్లెడలు తెలుపుతాయి. ఆ మట్టి గంటగంటకు జల్లెడను పూడ్చివేస్తుంది, స్క్రూను అరగదీస్తుంది. గట్టున రెండు మూడు రోజులు ఆరనిచ్చి, దులిపి, మడిచి కట్టలు కట్టినదానికి మాత్రమే కొనుగోలుదారు దొరుకుతాడు.

విద్యార్థుల పరిశోధనకు ఇక్కడ చక్కని అంశం ఉంది. ఒకే మందంగల పాలిథిన్, పీబీఏటీ–పీఎల్‌ఏ, పీబీఏటీ–పిండి ఫిల్ములను తీసుకొని, అర మిల్లీమీటరు కళ్ల నైలాను సంచుల్లో తూచిన ముక్కలను 5, 15, 45 సెంటీమీటర్ల లోతుల్లో పూడ్చాలి. వానాధార మడి, బిందుసేద్యపు మడి వేరువేరుగా ఉండాలి. పక్కనే ఎర్రనేలలో ఇంకొక జత ఉండాలి. కనీసం రెండు వేసవులు దాటేవరకు, తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి సంచులను వెలికితీయాలి. మిగిలిన బరువు ఒక్కటే చాలదు. ఫిల్ము నిలువు, అడ్డం బలాలను, గొలుసుల పొడవును విడివిడిగా కొలవాలి. పలచబడిన ఫిల్ము బరువు తగ్గకుండానే గొలుసులు తెగి ఉండవచ్చు. కడగడంలో ముక్కలు పోతే వాటిని కరిగిపోయిన లెక్కలో వేసే పొరపాటు జరుగుతుంది గనుక కడిగిన నీటిని సన్న జల్లెడతో వడగట్టి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి లోతులోనూ నేల తేమను, ఉష్ణోగ్రతను సంచి పూడ్చిన రోజు నుంచి తీసిన రోజు దాకా నమోదు చేయాలి. ఫలితాన్ని రోజుల్లో కాక, నేల పదును ఉన్న రోజుల్లో చెప్పగలిగితే ఆలూరు లెక్క ఆస్పరికీ, పత్తికొండకూ, సరిహద్దు అవతల బళ్లారికీ పనికివస్తుంది. ఫిల్ము పరీక్షలకు, కొలతలకు విజయవాడలోని సీపెట్ కేంద్రం వంటి పాలిమర్ సంస్థలతో కలిసి పనిచేయవచ్చు. పూడ్చడానికి స్థలం మాత్రం నల్లరేగడిలోనే, పడమటి మండలాలలోనే ఎంచుకోవాలి.